రెండు పాయల నరం

అనాటమీ పాఠ్యపుస్తకంలో చెయ్యి ఒకటే ఉంటుంది. ఏ పుస్తకం తెరిచినా అదే చెయ్యి. మెడ దగ్గర వెన్నుపాము నుంచి ఐదు నరాలు బయల్దేరతాయి. కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. చంక దగ్గరకొచ్చేసరికి ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరంలా కనిపిస్తాయి. ఆ ‘ఎం’ మధ్యలో రెండు గీతలు కలిసే చోట పుట్టేది మీడియన్ నర్వ్. అక్కణ్నుంచి భుజం కిందుగా, మోచేతి ముందుగా, ముంజేతి మధ్యగా దిగి, మణికట్టులో ఒక ఇరుకు సొరంగంలో దూరి అరచేతిలోకి వస్తుంది. బొమ్మలో ఆ నరానికి పసుపు రంగు వేస్తారు. గీత ఎక్కడా తడబడదు.

నేను డాక్టర్ని కాదు. సూర్యాపేటలో పెరిగి, కోదాడలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ని. తీరిక దొరికితే పుస్తకాల గురించి రాస్తుంటాను. ఆ అలవాటు వల్లేనేమో, నరాల మీద రాసిన పేపర్ చేతికొచ్చినా కథ చదివినట్టే చదువుతాను: చెబుతున్నది ఎవరు, ఏం చెబుతున్నారు, ఏం చెప్పకుండా దాటేస్తున్నారు అని.

ఆ పేపర్లలో మొదట నన్ను ఆపింది ఒక అంకె. 1918లో ఏబ్రమ్ కెర్ అనే అమెరికన్ అనాటమిస్టు చేతికి వచ్చే ఈ నరాల అల్లికను, అంటే బ్రేకియల్ ప్లెక్సస్‌ను, 175 సార్లు విప్పి చూశాడు. 29 రకాల అమరికలు నమోదు చేశాడు. 2003లో టర్కీలోని కోన్యాలో కొందరు పరిశోధకులు ఇదే పని పిండాల మీద చేశారు. 100 పిండాలు, 200 చేతులు. పుస్తకంలో గీసినట్టు ఉన్నవి సగం కూడా లేవు. 53.5 శాతం చేతుల్లో ఏదో ఒక తేడా ఉంది. ఒకచోట ఒక వేరు ఎక్కువ, ఒకచోట రెండు నరాల మధ్య అదనపు వంతెన, ఇంకోచోట కలవాల్సిన కొమ్మలు ఇంకాస్త కిందికెళ్లి కలవడం.

అంటే పుస్తకంలో ఉన్న చెయ్యి ఎవరిది? చాలామందిది కాదు. అది అందరి చేతులనూ చూసి రాసుకున్న ఒక సారాంశం. సమీక్షలో కథాసంగ్రహం ఉంటుందే, అలాంటిది. సంగ్రహం చదివి కథ చదివామనుకుంటే ఎంత, ఆ బొమ్మ చూసి మన చెయ్యి చూశామనుకుంటే అంత.

ఇదంతా నేను ఊరికే చదవలేదు. మా పెద్దమ్మ కోసం చదివాను.

పెద్దమ్మది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద పొలం. 1967లో కాలువలకు నీళ్లు వదిలినప్పుడు ఆమె చిన్నపిల్ల. ఊహ తెలిసినప్పట్నుంచీ నాట్లే. నారు పీకడం, నాటడం, కలుపు తీయడం. రెండేళ్ల కిందట ఆమెకు రాత్రిపూట కుడిచేయి తిమ్మిరెక్కడం మొదలైంది. నిద్రలోంచి లేచి చెయ్యి విదిలించుకునేది. కొన్నాళ్లకు అన్నం కలుపుకుంటుంటే ముద్ద జారిపోవడం మొదలైంది. ఊళ్లో డాక్టర్ ‘నరాల బలహీనత’ అని బి కాంప్లెక్స్ ఇంజెక్షన్లు పొడిచాడు. ఇంకొకరు మెడ అరిగిందన్నారు. వాతం అన్నవాళ్లున్నారు. చుట్టాల్లో ఒకాయన పక్షవాతానికి ఇది ముందు సూచన అని చెప్పి వారం రోజులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేకుండా చేశాడు.

మన భాషలో ‘నరం’ అనే మాటకు ఎంత చోటుందో నాకు అప్పుడే తెలిసింది. సెలైన్ ఎక్కించేది నరానికే. పిక్క పట్టేసినా నరమే. కోపమొస్తే నుదుటి మీద ఉబ్బేది కూడా నరమే. రక్తనాళం, కండరాన్ని ఎముకకు కట్టే తాడు, కబురు మోసే తీగ, మూడింటికీ ఒకటే పేరు. ఇక ‘నాడి’ అందామంటే అది వైద్యుడు పట్టుకుని చూసేది. పెద్దమ్మ ‘నరం గుంజుతుంది’ అంటే అవతలివాడు ఈ మూడింట్లో తనకు తెలిసినదాన్ని అనుకుని మందు రాసేవాడు.

చివరికి సూర్యాపేట తీసుకొచ్చాం. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగింది ఒక్కటే ప్రశ్న. “చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుందా?”

పెద్దమ్మ కాసేపు వేళ్లు చూసుకుంది. “లేదమ్మా. అది మంచిగనే ఉంటది.”

రోగం సగం అక్కడే తేలిపోయింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, వీటికి స్పర్శ ఇచ్చేది మీడియన్ నరం. చిటికెన వేలిది వేరే నరం. మెడలోనో మెదడులోనో తేడా ఉంటే వేళ్ల మధ్య ఇంత కచ్చితంగా సరిహద్దు గీయడం అరుదు. తర్వాత మణికట్టు వంచి ఒక నిమిషం అలాగే ఉంచమంది. నిమిషం కాకముందే పెద్దమ్మ వేళ్లు జివ్వుమన్నాయి. కార్పల్ టనెల్. మణికట్టు సొరంగంలో తొమ్మిది స్నాయువులతో పాటు ఈ ఒక్క నరం ఇరుక్కుని ఉంటుంది. పైన గట్టి పట్టీ. లోపల వాపు వస్తే అన్నిటికంటే మెత్తనిది నలుగుతుంది. ఆ మెత్తనిది నరమే.

నారు మొక్కను పట్టుకునేది ఏ వేళ్లతోనో గమనించారా? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. బురదలోకి గుచ్చేటప్పుడు మణికట్టు వంగుతుంది. ఎకరంలో ఎన్నిసార్లు వంగుతుందో లెక్క కట్టిన పేపర్ నాకైతే కనబడలేదు. కీబోర్డు ముందు కూర్చునే మాలాంటివాళ్లం ఈ జబ్బును మా సొంత ఆస్తి అనుకుంటాం. ఆఫీసులో దానికోసం ప్రత్యేకమైన మౌస్‌లు, మణికట్టు కింద మెత్తలు కూడా ఇస్తారు. నాట్లేసే చేతికి ఏ మెత్తా ఇవ్వలేదు.

మందులు, మణికట్టుకు పట్టీ, కొన్ని నెలలు చూశాం. తగ్గలేదు. బొటనవేలి మొదట్లో ఉండే కండ కరగడం మొదలైంది. ఇక ఆపరేషన్ చెయ్యాలన్నారు. దానికి ముందు అల్ట్రాసౌండ్ చేసినప్పుడు డాక్టర్ తెర మీద చూపించాడు. ఒక నరం ఉండాల్సిన చోట రెండు చిన్న గుండ్రాలు. వాటి మధ్య కొట్టుకుంటున్న ఒక సన్నని రక్తనాళం.

“నరం రెండుగా చీలి ఉందమ్మా. మధ్యలో ఒక ఆర్టరీ ఉంది. మామూలుగా ఇది పుట్టకముందే పోవాలి. మీకు ఉండిపోయింది.”

“అంటే ఎప్పట్నుంచి ఉన్నట్టు?”

“మీ అమ్మ కడుపులో ఉన్నప్పట్నుంచి.”

పెద్దమ్మ నవ్వింది. “అరవై ఏండ్లు మోసిన్నా దీన్ని?”

ఆ రక్తనాళం కథ నిజంగా చెప్పుకోదగ్గదే. నాలుగో వారం చివర పిండానికి రెండు పక్కలా చిన్న మొగ్గల్లాంటివి పుట్టుకొస్తాయి. అవే చేతులవుతాయి. తల్లికి నెల తప్పిందన్న అనుమానం అప్పుడే మొదలవుతుంది. ఐదో వారంలో వెన్నుపాము నుంచి నరాల పోగులు ఆ మొగ్గల్లోకి దారి వెతుక్కుంటూ వెళతాయి. ప్రతి పోగు కొసనా చేతివేళ్లలా చాచుకుంటూ, తడుముకుంటూ కదిలే ఒక భాగం ఉంటుంది. 1890లో స్పెయిన్‌కు చెందిన శాంతియాగో రామోన్ ఇ కహాల్ దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి గ్రోత్ కోన్ అని పేరు పెట్టాడు. ముందున్న కణజాలం వదిలే రసాయనాల్లో కొన్ని దాన్ని రమ్మంటాయి, కొన్ని పొమ్మంటాయి. ఏ పోగు చేతిలోనూ పటం ఉండదు. అడుగడుగునా అడిగి తెలుసుకుంటూ పోవడమే.

ఆ రోజుల్లో అరచేతికి రక్తం తీసుకెళ్లే ప్రధాన మార్గం ఈ మీడియన్ ఆర్టరీ. ఎనిమిదో వారం వచ్చేసరికి ముంజేతికి రెండు పక్కలా వేరే ధమనులు పెద్దవై ఆ పని అందుకుంటాయి. దీనికి పని తప్పి, ముడుచుకుపోతుంది. కొందరిలో మాత్రం పోదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం 1880ల మధ్యలో పుట్టినవాళ్లలో ఇది సుమారు 10 శాతం మందికి ఉండిపోతే, ఇరవయ్యో శతాబ్దం చివర పుట్టినవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఉంది. ధమని నిలిచిపోయినప్పుడు దాని పక్కన నరం చీలి ఉండటం కూడా తరచు కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక దీన్ని పెద్దమ్మకు ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే ఆమే చెప్పింది. “కాలువ మధ్యల గడ్డ వస్తే నీళ్లు రెండు పాయలైపోవూ? గట్లనే గదా.”

గట్లనే. మెయిన్ కాలువ, మేజర్లు, మైనర్లు, తూములు, చివరికి పొలంలో బోదెలు. ఇంజినీర్ల నక్షాలో అన్నీ తిన్నగా ఉంటాయి. ఊళ్లో మాత్రం ఒక బండరాయిని తప్పుకునో, ఒక చెట్టును చుట్టుకునో పోతాయి. ఎటు పోయినా మడి తడవాలి, అంతే.

మడి తడిసినన్నాళ్లూ ఎవరూ పట్టించుకోరు. ఈ తేడాలు అక్కరకొచ్చేది గునపం దించబోయేటప్పుడు. 1977లో ఉల్రిష్ లాంజ్ అనే డాక్టర్, మణికట్టు ఆపరేషన్ చేసిన 246 చేతుల్లో మీడియన్ నరం ఎలా ఉందో రాసిపెట్టాడు. బొటనవేలి కండకు వెళ్లే చిన్న కొమ్మ ఒక్కొక్కరిలో ఒక్కోచోట విడిపోతుంది. కొందరిలో కోయబోయే పట్టీలోంచే దూరిపోతుంది. చూసుకోకుండా కోస్తే బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురు రాదు. ముద్ద కలపలేరు, నారు పట్టలేరు. నరం రెండుగా చీలినవి ఆయనకు 2.8 శాతం దొరికాయి. పెద్దమ్మ చెయ్యి ఆ 2.8లోది.

ఈ నరం తేడాలకు ఇంకా పాత ముచ్చట ఒకటుంది. మోచేతికి కొంచెం పైన ఎముక మీద చిన్న ముల్లులాంటిది నూటికి ఒకరికి ఉంటుంది. దాని కింద నుంచి మీడియన్ నరం దూరి పోతుంది. స్కాట్లాండ్ అనాటమిస్టు జాన్ స్ట్రదర్స్ దీని గురించి పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే రాశాడు. పిల్లిలో అదే చోట ఎముకకు నిజంగానే రంధ్రం ఉంటుంది, నరం అందులోంచే పోతుంది. 1871లో వచ్చిన ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో డార్విన్ దీన్ని తన వాదనకు సాక్ష్యంగా తీసుకున్నాడు. మనిషి చేతిలో పాత ప్రాణుల జ్ఞాపకం అప్పుడప్పుడు బయటపడుతుందని. ఒక పెద్ద వాదనకు సాక్ష్యం దొరికింది పుస్తకానికి సరిపోని చేతుల్లోనే.

ఆపరేషన్‌కు రెండ్రోజుల ముందు కోదాడ నుంచి అక్క వచ్చింది. పెద్దమ్మ కూతురు. రాత్రి భోజనాలయ్యాక నేను ఫోన్లో ఇవన్నీ చూపిస్తూ చెబుతున్నాను. ఐదో వారంలో ఇలా, ఎనిమిదో వారంలో అలా అని. పెద్దమ్మ మధ్యలో ఆపింది.

“కడుపుల ఉన్నప్పుడు ఇట్లుంటదని ఆళ్లకెట్ల తెలుసురా? స్కానింగుల కనబడతదా?”

స్కానింగులో కనబడదు. అంత సన్నని నరం ఎలా చీలిందో తెలియాలంటే చెయ్యి విప్పి చూడాలి. చూసింది ఎవరి చేతులు? కోన్యా పేపర్లో ఆ సంగతి ఒక్క వాక్యంలో ఉంది. తమంతట తాముగా గర్భస్రావమైన, బయటికి ఏ లోపమూ కనిపించని వంద పిండాలు. నిజమే చెప్పాను. పుట్టకుండా పోయిన పిల్లల చేతులు చూసి తెలుసుకున్నారు పెద్దమ్మా, అన్నాను.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే అక్కకు మొదటి కాన్పు ఏడో నెలలో పోయింది. నేనప్పుడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి మగవాళ్లు ఒక తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లి చెరువు కట్ట పక్కన పూడ్చి వచ్చారని విన్నాను. చూస్తే తట్టుకోలేదని అక్కకు చూపించలేదు. పేరు లేదు, పదకొండో రోజు లేదు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తిన గుర్తు లేదు నాకు.

అక్కే మొదట మాట్లాడింది. “వాళ్లను అడిగే తీసుకుంటారా?”

ఇప్పుడు అడగాలి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కమిటీలు చూస్తాయి అని చెప్పాను. అడగనప్పుడు ఏమవుతుందో కూడా ఆమె అడిగింది. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల్లో, ప్రాణం నిలిచే దశ రాకముందే పోయిన పిండం మానవ శరీర వ్యర్థాల కిందికి వస్తుంది. దానికి కేటాయించింది పసుపు సంచి. ఆ దశ దాటి, చచ్చి పుట్టిన బిడ్డనైతే 1969 జనన మరణాల చట్టం ప్రకారం నమోదు చెయ్యాలి. ఒకటి సంచి, ఒకటి రిజిస్టరు. మధ్యలో కొన్ని వారాల తేడా.

అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది. “నన్ను అడిగుంటే ఇచ్చేదాన్నేమో, ఇయ్యకపోయేదాన్నేమో. నాకు తెల్వదు. కానీ ఎవరూ దేనికీ అడగలే గదా. చూస్తవా అని కూడా అడగలే.”

అది ఆసుపత్రికి తగిలే మాట. ఇంట్లో మగవాళ్లకూ తగిలే మాట. పెద్దమ్మ తిమ్మిరెక్కిన చెయ్యితోనే ఆమె తల నిమురుతూ కూర్చుంది.

ఆపరేషన్ బాగానే అయింది. డిశ్చార్జి కాగితంలో సర్జన్ ఒక లైను రాశాడు, మీడియన్ నరం రెండుగా ఉంది, రెండూ క్షేమం అని. పెద్దమ్మ వారానికే రాత్రి పూర్తిగా నిద్రపోయింది. కరిగిన కండ ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేం అన్నారు. మొన్న ఫోన్ చేస్తే ముద్ద జారడం లేదంది. నాట్లకు పోవద్దని డాక్టర్ చెప్పినదానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

2019లో సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అంటే మా ఊళ్లోనే ఇప్పుడు మొదటి సంవత్సరం పిల్లలు దేహాల ముందు నిలబడి ఆ పసుపు గీతను వెతుకుతుంటారు. అక్కడ పుస్తకం చెప్పినట్టు లేకపోతే కొందరు విసుక్కుంటారు, కొందరు ఆగి చూస్తారు. ఆగి చూసినవాళ్ల వల్లే పెద్దమ్మ మణికట్టును కోసిన చెయ్యి జాగ్రత్తగా కోసింది. ఆ జాగ్రత్తకు కెర్ కారణం, లాంజ్ కారణం. కోన్యాలో ఆ వందా కారణమే. కెర్, లాంజ్‌లకు పేర్లున్నాయి. 2021లో కొన్ని అనాటమీ పత్రికల సంపాదకులు కలిసి, దేహాలు ఇచ్చినవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు పేపర్లో కృతజ్ఞతలు చెప్పండని రచయితలను కోరారు. అలాంటి వాక్యం రాయమని అడగాల్సి రావడం వింతే. అయినా అడిగారు, మంచిదే.

నెల కిందట అక్క ఫోన్ చేసి, ఆ పేపర్లో పిల్లల గురించి రాసిన ముక్కను తెలుగులో చెప్పమంది. చెప్పడం ఎందుకు, రాసి పంపుతానన్నాను. ఐదారు వాక్యాలే. ఒక సాయంత్రం పట్టింది. ‘స్పెసిమెన్’ దగ్గర ఆగిపోయాను. నమూనా అంటే మిర్యాలగూడ మిల్లులో ధాన్యం కొనేముందు బస్తాలోంచి తీసి చూసే పిడికెడు. ‘ఫీటస్’కు పిండం అనే మాట ఉండనే ఉంది. అదే మాట చనిపోయినవాళ్లకు పెట్టే అన్నం ముద్దకూ వాడతాం. తల్లి కడుపులో మొదటి రూపానికీ, పోయాక పెట్టే చివరి ముద్దకూ ఒకే పేరు పెట్టిన భాష మనది. అక్క బిడ్డకు మొదటి అర్థమే దక్కింది, రెండోది దక్కలేదు.

అసలు చిక్కు అంకె దగ్గర వచ్చింది. ఇంగ్లిష్‌లో వంద కుర్చీలకైనా వంద మనుషులకైనా అంకె ఒకటే. రాసేవాడు ఏమనుకుంటున్నాడో అంకెలో బయటపడదు. తెలుగు అలా దాచుకోనివ్వదు. బస్తాలైతే వంద, మనుషులైతే వందమంది. ఆ వాక్యం తెలుగులోకి తేవాలంటే ముందు నేను ఒక నిర్ణయానికి రావాలి. చట్టానికి వారాల లెక్క ఉంది. పేపర్‌కు సెంటీమీటర్ల లెక్క ఉంది. నాకు ‘వంద’ పక్కన ‘మంది’ రాయడమా మానడమా అన్నదొక్కటే ఉంది. గర్భం మీద ఆడవాళ్ల హక్కు గురించి మాట్లాడేటప్పుడు ‘మంది’ అనే మాట ఎంత బరువైందో నాకు తెలుసు. పుట్టని ప్రతి పిండాన్నీ మనిషి అంటూ ఆడవాళ్ల మెడకు చుట్టేవాళ్లు లోకంలో తక్కువేం లేరు. వాళ్ల చేతికి ఈ మాట ఇవ్వాలని లేదు. అందుకే నిర్ణయం నేను తీసుకోలేదు. రెండు రకాలుగానూ రాసి పంపాను.

అక్క రెండోదాన్ని ఉంచుకుంది. “వందమంది అనే ఉండనీ,” అంది. “నాకు పంపిందాంట్ల.”

ఆమెకు పంపిందాంట్లో అలాగే ఉంది.